పత్తాలకు పోలీసు, పడవకు లైసెన్సు

వరంగల్ జిల్లా పేజీలో తరచూ కనిపించే వార్త ఒకటుంది. ఊరి బయట మామిడి తోటలోనో, ఖాళీగా ఉన్న పౌల్ట్రీ షెడ్డులోనో పత్తాలాడుతున్న ఏడెనిమిది మందిని టాస్క్‌ఫోర్స్ పోలీసులు పట్టుకుంటారు. ఫొటోలో వాళ్లంతా తలలు దించుకుని వరసగా నిలబడి ఉంటారు. ముందు టేబుల్ మీద పేకముక్కలు, పరిచిన నోట్లు, సెల్‌ఫోన్లు. బయట ఆపిన బైకులు కూడా స్వాధీనమే. ఆ వరసలోని మనిషే శంషాబాద్‌లో విమానమెక్కి గోవాలో దిగి, పణజి ఒడ్డున చిన్న బోటెక్కి, మాండవి నదిలో లంగరేసిన పెద్ద ఓడలోకి వెళ్లి అంతకు పదింతలు పందెం కాస్తే అక్కడతను నిందితుడు కాదు, కస్టమర్. ఎంట్రీ టికెట్టులోనే భోజనం కూడా కలిపి ఇస్తారు.

ఈ తేడాకు కారణం అడిగితే చాలామంది "డబ్బున్నోళ్లకో రూలు, లేనోళ్లకో రూలు" అంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు గానీ అసలు కారణం రాజ్యాంగంలోనే ఉంది. ఏడో షెడ్యూలులోని రాష్ట్రాల జాబితాలో 34వ అంశం పందేలు, జూదం. వాటి మీద పన్ను కూడా 2016 దాకా 62వ అంశంగా అదే జాబితాలో ఉండేది, జీఎస్టీ కోసం చేసిన రాజ్యాంగ సవరణతో అది పోయింది. అంటే ఆపాలా, ఆడనివ్వాలా, ఆడనిచ్చి లైసెన్సు ఫీజు తీసుకోవాలా అన్నది ఏ రాష్ట్రానికారాష్ట్రం తేల్చుకోవాల్సిన సంగతి. ప్రభుత్వ లాటరీలు మాత్రం కేంద్ర జాబితాలో ఉన్నాయి, 40వ అంశంగా. కేరళ 1967లో లాటరీ శాఖ పెట్టుకుని ఇప్పటికీ టికెట్లు అమ్ముతోంది. దేశం ఒకటే అయినా జూదం చట్టాల దగ్గర మాత్రం చాలా దేశాలున్నట్టే లెక్క.

ఈ చట్టాలన్నీ పక్కపక్కన పెట్టి చదివితే నాకు అర్థమైంది ఇది. పైకి చర్చంతా పాపం, పుణ్యం, నైపుణ్యం, అదృష్టం అన్న మాటల చుట్టూ తిరుగుతుంది. లోపల మాత్రం ప్రతి కాలంలోనూ తేల్చుకోవాల్సి వచ్చిన ప్రశ్న ఒక్కటే: ఆడించేవాడి వాటా ఎవరికి పోవాలి?

ద్యూతాధ్యక్షుడి ఐదు శాతం

జూదం మనకు ఎవరో తెచ్చిపెట్టింది కాదు. రుగ్వేదం పదో మండలంలో జూదరి ఏడ్చుకుంటూ చెప్పిన సూక్తమే ఉంది. అప్పటి పాచికలు తాండ్రకాయలు, అదే త్రిఫల చూర్ణంలో వేసే తానికాయలు. మహాభారతం సంగతి చెప్పక్కర్లేదు.

మన ధర్మశాస్త్రాలు, అర్థశాస్త్రం ఈ విషయంలో ఒక్క మాట మీద లేవు. మనువు రెండు రకాలు చెప్పాడు. ప్రాణం లేని వస్తువులతో ఆడేది ద్యూతం, కోళ్లు పొట్టేళ్ల వంటి ప్రాణుల మీద కాసేది సమాహ్వయం. రాజు రెంటినీ రాజ్యంలో లేకుండా చేయాలన్నాడు. కౌటిల్యుడు అంత మడి కట్టుకోలేదు. జూదానికొక అధికారిని పెట్టాలి, ఆయనే ద్యూతాధ్యక్షుడు. ఆట ఒకే చోట జరగాలి. వేరే చోట ఆడితే 12 పణాల జరిమానా. పాచికలు సర్కారే అద్దెకివ్వాలి, గెలిచిన సొమ్ములో ఐదు శాతం తీసుకోవాలి. జూదమంటే ఆయనకు ప్రేమేమీ లేదు. దొంగలు, మోసగాళ్లు అక్కడికి చేరతారు కాబట్టి పట్టుకోవడం తేలికని ఆయన లెక్క. ఖజానాకు నాలుగు డబ్బులు రావడం అదనపు లాభం.

గోవా ఓడకూ, సింగరేణి ఊళ్లలో పత్తాలాటల మీద పడే దాడికీ మూలాలు ఈ రెండు ఆలోచనల్లోనే ఉన్నాయి. రెండువేల ఏళ్లుగా మన పాలకులు మనువుకూ కౌటిల్యుడికీ మధ్య ఊగుతున్నారు, ఒక్కోసారి ఒకే ప్రభుత్వం ఒకే ఏడాదిలో.

కాకతీయుల నాటి ఓరుగల్లు వీధులను కళ్లకు కట్టే క్రీడాభిరామంలో ఇద్దరు మిత్రులు ఊరంతా తిరుగుతూ కోడిపందెం, పొట్టేళ్ల పోట్లాట చూస్తారు. చాటుమాటు వ్యవహారంలా కాకుండా నగర వినోదాల్లో ఒకటిగానే అవి కనిపిస్తాయి. కోడిపందెమంటే గోదావరి జిల్లాలే గుర్తొస్తాయి గానీ మన దగ్గరా అది పూర్తిగా పోలేదు. 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా గొల్లపల్లి మండలం లొత్తునూరులో పందెం కోడి కాలికి కట్టిన కత్తి దాని యజమానికే తగిలి ఆయన చనిపోయాడు. ఆ కోడిని పోలీస్ స్టేషన్‌లో కట్టేసి మేత వేస్తున్న ఫొటో ప్రపంచమంతా తిరిగింది. జనం నవ్వుకున్నారు గానీ ఒక ఇల్లు మగదిక్కు కోల్పోయింది.

నిజాం చట్టం, సికింద్రాబాద్ క్లబ్బు

బ్రిటిష్ వాళ్లు 1867లో పబ్లిక్ గ్యాంబ్లింగ్ చట్టం తెచ్చారు. వరంగల్ అప్పుడు నిజాం రాజ్యంలో ఒక సుబా, కాబట్టి ఆ చట్టం ఇక్కడ నడవలేదు. హైదరాబాద్ రాజ్యం తన సొంత చట్టం 1305 ఫస్లీలో, అంటే 1895-96 ప్రాంతంలో చేసుకుంది. రెంటిలోనూ నిర్మాణం ఒకటే. ఆట మీద కన్నా ఆట నడిపే చోటు మీద చట్టం కన్ను ఎక్కువ. ఇంటి యజమానో, నడిపేవాడో లాభం కోసం పేక, పాచికలు పెట్టి జనాన్ని కూర్చోబెడితే అది జూదగృహం. నైపుణ్యమే ప్రధానమైన ఆటలకు మినహాయింపు.

"నైపుణ్యం" అన్న ఆ ఒక్క మాట మీదే తర్వాతి వందేళ్ల కేసులన్నీ నడిచాయి. వాటిలో అన్నిటికన్నా పేరుపడ్డది మన దగ్గరిదే. 1963 మేలో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేశారు. లోపల డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. మేజిస్ట్రేట్ శిక్ష వేశాడు, హైకోర్టు కొట్టేసింది, రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా ధర్మాసనం తీర్పిచ్చింది. మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం మీద నడిచేది. రమ్మీ అలా కాదు, పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట.

ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు ప్రకటనల్లో, కోర్టుల్లో అరవై ఏళ్ల తర్వాత కూడా ఎత్తి చూపింది ఈ ముక్కనే. అదే తీర్పులోని తర్వాతి ముక్క మాత్రం ఏ ప్రకటనలోనూ కనబడదు. క్లబ్బు యజమానో, నడిపేవాడో పందెంపెట్టి ఆడే రమ్మీ మీద లాభం చేసుకుంటున్నట్టు రుజువైతే నేరం నిలబడవచ్చని కోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ క్లబ్బు వసూలు చేసింది కూర్చునే రుసుము లాంటిదే గానీ లాభం కాదని నమ్మింది కాబట్టి వదిలేసింది. అంటే 1967లోనే న్యాయమూర్తులు రెండు ప్రశ్నలు వేశారు: ఆట ఎలాంటిది, దాని మీద ఎవరు సంపాదిస్తున్నారు? మనం మొదటిది పట్టుకుని రెండోదాన్ని వదిలేశాం.

దీనికి పదేళ్ల ముందు, 1957లో, చమర్‌బాగ్‌వాలా కేసుల్లో సుప్రీంకోర్టు ఇంకో గీత గీసింది. జూదం వ్యాపారం కిందికి రాదు, కాబట్టి వ్యాపారం చేసుకునే హక్కు దానికి వర్తించదు. నైపుణ్యం ఉన్న పోటీలకు ఆ హక్కు ఉంటుంది. 1996లో గుర్రప్పందేలను కూడా నైపుణ్యం వైపు చేర్చింది. మలక్‌పేటలో ఆదివారం పూట టికెట్ కొని గుర్రం మీద కాసేవాడికీ మట్టెవాడలో చీటీ రాయించేవాడికీ మధ్య చట్టం గోడ కట్టింది ఇలాగే.

పత్తి రేటు మీద పందెం

చీటీ అంటే మట్కా, అంకెల మీద కాసే పందెం. ఎనుమాముల మార్కెట్‌కు ఏటా పత్తి బస్తాలు తెచ్చే రైతుకు ఈ సంగతి వింతగా అనిపించవచ్చు: మట్కా పుట్టింది పత్తి రేటులోనే. న్యూయార్క్ పత్తి మార్కెట్‌లో పొద్దున తెరిచిన రేటు, సాయంత్రం మూసిన రేటు టెలిప్రింటర్‌లో బొంబాయికి వచ్చేవి. ఆ అంకెల మీద పందేలు కాసేవారు. 1960ల మొదట్లో ఆ దారి మూసుకుపోయాక ఆడించేవాళ్లు అంకెలు రాసిన చీటీలు కుండలో వేసి తీయడం మొదలుపెట్టారు, తర్వాత పేకముక్కలు తీశారు. కల్యాణ్‌జీ భగత్, రతన్ ఖత్రీ ఆ సామ్రాజ్యాలకు పేరుమోసిన వాళ్లు. పత్తి పోయినా "ఓపెన్", "క్లోజ్" అన్న మాటలు మిగిలాయి. ఆదిలాబాద్ జిల్లాలో పాన్ డబ్బా దగ్గర చీటీ రాయించే మనిషి ఇప్పటికీ అవే అంటాడు.

కరీంనగర్, వరంగల్, నల్గొండ పద్మశాలీలు బతుకుదెరువుకు భీవండి, సోలాపూర్, బొంబాయి వెళ్లిన దారులే ఉన్నాయి కాబట్టి ఆట కూడా ఆ దారినే ఇటు వచ్చిందనుకోవడం తప్పు కాదు. మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల్లో అది బలంగా నిలబడింది.

దీని లెక్క చిన్నది. సున్నా నుంచి తొమ్మిది వరకు పది అంకెలు. ఒక అంకె తగిలితే రూపాయికి తొమ్మిది ఇస్తారు. రెండంకెల జోడీ తగిలితే రూపాయికి తొంభై, జోడీలేమో వంద. వందమంది వంద జోడీల మీద తలా రూపాయి పెడితే ఆడించేవాడి చేతికి వంద వస్తుంది, తొంభై పోతుంది. ఎవడు గెలిచినా ఆడించేవాడికి పది మిగులుతుంది. చీటీ రాసే ఏజెంటుకు కమీషన్ అందులోంచే. ఎవరినీ మోసం చేయకుండానే, ముక్కలు నిజాయితీగా తీసినా, పది శాతం.

జాతరల్లో డబ్బాలో మూడు పాచికలు వేసి గలగలలాడించి బోర్లించే ఆటలోనూ ఇదే. పాచికకు ఆరు బొమ్మలు. మీరు ఒక బొమ్మ మీద పది రూపాయలు పెడతారు. ఆ బొమ్మ ఒక పాచిక మీద పడితే పది లాభం, రెంటి మీద పడితే ఇరవై, మూడింటి మీద పడితే ముప్ఫై. బొమ్మలు ఆరు, పాచికలు మూడు, అంటే సగం సగం అవకాశం ఉన్నట్టే కనిపిస్తుంది. అక్కడే ఉంది కిటుకు. మూడు పాచికలు పడే తీరులు మొత్తం 216. అందులో మీ బొమ్మ అసలే రానివి 125, ఒకసారి వచ్చేవి 75, రెండుసార్లు వచ్చేవి 15, మూడింటి మీదా వచ్చేది ఒక్కటి. 216 ఆటల్లో మీరు పెట్టేది 2,160 రూపాయలు. పోయేది 1,250, వచ్చే లాభం 750, 300, 30 కలిపి 1,080. తేడా 170 రూపాయలు, దగ్గర దగ్గర ఎనిమిది శాతం. పాచికలో సీసం పోయలేదు, చేతివాటం లేదు, అయినా ఎనిమిది శాతం. గోవా ఓడలో తిరిగే రూలెట్ చక్రంలో 37 గళ్లుంటాయి, తగిలితే ఒకటికి ముప్ఫై ఐదు లాభం ఇస్తారు. అక్కడ ఆడించేవాడి వాటా 2.7 శాతమే. పేదవాడి ఆటలో కోత ఎక్కువ, పెద్దవాళ్ల ఆటలో తక్కువ. కానీ ఓడలో చక్రం రాత్రంతా ఆగదు కాబట్టి చివరికి ఇద్దరి జేబులూ ఒకేలా ఖాళీ అవుతాయి.

ఆంధ్రప్రదేశ్ 1974లో కొత్త గేమింగ్ చట్టం తెచ్చి పాత హైదరాబాద్ చట్టాన్ని పక్కన పెట్టింది. మినహాయింపు మాత్రం అలాగే ఉంచింది. ఆ నీడలోనే పట్టణాల్లో రమ్మీ క్లబ్బులు దశాబ్దాలు నడిచాయి. బోర్డు మీద కల్చరల్ అసోసియేషన్, లోపల ఏసీ హాలు. పోలీసులకు తలనొప్పి ఏమిటంటే, తలుపు కొట్టగానే టేబుల్ మీద ముక్కలు మూడు కాస్తా పదమూడు అయ్యేవి.

ఓడలెందుకు ఒప్పయ్యాయి

గోవా 1976లో చేసుకున్న చట్టం కూడా జూదాన్ని నిషేధించేదే. 1992లో దానికి సవరణ చేసి ఫైవ్‌స్టార్ హోటళ్లలో డబ్బులేసి ఆడే యంత్రాలకు అనుమతిచ్చారు. 1996లో ఇంకో సవరణతో ఓడల మీద పేక బల్లలు, రూలెట్ వచ్చాయి. చట్టంలో రాసింది "ఆఫ్‌షోర్" అని. సముద్రం నడిమధ్య అనుకుంటాం. తీరా చూస్తే పణజి ఒడ్డుకు కూతవేటు దూరంలో నదిలోనే ఉంటాయి. నేల మీద తప్పయింది నీళ్ల మీద ఎలా ఒప్పయిందంటే సమాధానం లైసెన్సు ఫీజులో ఉంది. సిక్కిం 2002లో క్యాసినో చట్టం చేసుకుని అదే బాట పట్టింది.

నాకు ముచ్చటేసే విషయం ఇంకొకటి. సిక్కిం తన స్థానికులను క్యాసినోల్లోకి రానివ్వదు. గోవా కూడా 2020 ఫిబ్రవరి నుంచి గోవా వాసుల ప్రవేశాన్ని నిషేధించింది. తమ జనం ఆడితే ఇల్లు గుల్లవుతుందని ఆ ప్రభుత్వాలకు తెలుసు, హనుమకొండవాడి ఇల్లు వాళ్ల లెక్కలో లేదు. కౌటిల్యుడికి కూడా తట్టని ఏర్పాటు ఇది.

తెలంగాణ వచ్చిన తొలి ఏళ్లలో ప్రభుత్వం మనువు వైపు తిరిగింది. క్లబ్బుల్లో పత్తాలు బంద్ చేయించామని గొప్పగా చెప్పుకుంది. ఆట ఆగిందా అంటే కొంత ఆగింది, కొంత తోటల్లోకి వెళ్లింది, కొంత మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దుల అవతలికి వెళ్లింది. ఎక్కువ భాగం మాత్రం ఫోన్‌లోకి వెళ్లింది.

2017లో తెలంగాణ గేమింగ్ చట్టాన్ని సవరించింది. డబ్బు పెట్టి ఆడితే నైపుణ్యం ఉన్నా లేకున్నా జూదమే, అది ఆన్‌లైన్ అయినా సరే. ఆన్‌లైన్ రమ్మీని ఇలా ఆపిన తొలి రాష్ట్రం మనదే. 2020లో ఆంధ్రప్రదేశ్ అదే చేసింది. తమిళనాడు, కర్ణాటక చట్టాలను హైకోర్టులు 2021, 2022లో కొట్టేశాయి, 1967 నాటి ఆ మొదటి ముక్కనే ఆధారం చేసుకుని.

యాప్‌లు తెలంగాణలో లొకేషన్ చూసి ఆపేసేవి. కానీ కాళేశ్వరం దగ్గర గోదావరి వంతెన దాటితే సిరొంచ, అది మహారాష్ట్ర. ఫోన్ అదే, మనిషి అదే, నది అవతల చట్టం వేరు. వంతెన దాకా వెళ్లే ఓపిక లేనివాళ్లకు లొకేషన్ మార్చే యాప్‌లు చేతిలోనే ఉండేవి. జిల్లా జిల్లాకూ పోలీసు చెక్‌పోస్టు పెట్టొచ్చు, సిగ్నల్‌కు పెట్టలేరు.

నైపుణ్యం వాదన ఫోన్‌లో ఎందుకు తేలిపోతుందో ఒక లెక్క వేసి చూద్దాం. సమానంగా ఆడగల ఇద్దరు తలా వంద పెట్టి పది ఆటలు ఆడారు, చెరో ఐదు గెలిచారు. కంపెనీ ప్రతి ఆటలో మొత్తం సొమ్ము మీద పది శాతం తీసుకుందనుకుందాం. గెలిచిన ఆటకు లాభం 80, ఐదింటికి 400. ఓడిన ఐదింటికి నష్టం 500. ఇద్దరూ చెరో వంద పోగొట్టుకున్నారు, కంపెనీకి రెండొందలు. ఎవరూ ఓడలేదు, అయినా ఇద్దరూ ఓడారు. క్లబ్బులో కనీసం ముక్కలు కలపడానికి, పంచడానికి టైమ్ పట్టేది, మధ్యలో చాయ్ వచ్చేది. ఫోన్‌లో గంటకు ఎన్ని ఆటలైనా పడతాయి.

2023 అక్టోబరు 1 నుంచి కేంద్రం ఆటగాడు వేసే మొత్తం సొమ్ము మీద 28 శాతం జీఎస్టీ పెట్టింది. అంటే ఒకవైపు రాష్ట్రాలు నిషేధిస్తుంటే, ఇంకోవైపు పన్ను వసూలయ్యేది. రెండేళ్లు తిరక్కుండానే కథ మళ్లీ మారింది. 2025 మార్చిలో హైదరాబాద్‌లో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసిన సినీతారలు, ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసులు పడ్డాయి, రాష్ట్ర ప్రభుత్వం సిట్ వేసింది. ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని రెండు రోజుల్లో ఆమోదించింది, 22న రాష్ట్రపతి సంతకం పడింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా, నైపుణ్యమైనా అదృష్టమైనా, ఆడించడం నేరం. మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇస్తే రెండేళ్లు, యాభై లక్షలు. డబ్బు చెల్లింపులు నడిపిన సంస్థలూ దీని కిందికే వస్తాయి. ఆ రోజుల్లోనే పెద్ద కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయి. కొన్ని కోర్టుకెక్కాయి, వేర్వేరు హైకోర్టుల్లోని పిటిషన్లను సుప్రీంకోర్టు తన దగ్గరికి తెప్పించుకుంది. గోవా ఓడలు మాత్రం నదిలోనే ఉన్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి వాటి మీద జీఎస్టీ 40 శాతం అయింది, అంతే.

ఈ చట్టంలో మన దగ్గర పెద్దగా చర్చకు రాని అంశం ఒకటుంది. ఆడినవాడికి ఇందులో శిక్ష లేదు. ఆడించేవాడే నేరస్థుడు. ఇన్నాళ్లకు చట్టం 1967 తీర్పులోని రెండో ప్రశ్న దగ్గరికి వచ్చింది. కానీ తెలంగాణ గేమింగ్ చట్టం ఇంకా అమల్లోనే ఉంది, దాని కింద ఆడినవాడూ నిందితుడే.

ఊళ్లలో ఇది కాగితం మీది గొడవ కాదు. దేశం బయటి నుంచి నడిచే బెట్టింగ్ సైట్లు ఇప్పటికీ వాట్సాప్, టెలిగ్రామ్ లింకుల్లో వస్తున్నాయి. డబ్బు వేయమనేది ఏ కంపెనీ ఖాతాకో కాదు, ఎవరో ఒక కుర్రాడి పేరు మీద అద్దెకు తీసుకున్న ఖాతాకు. గెలిచిన సొమ్ము ఇవ్వకపోయినా అడిగే దిక్కుండదు. పందెం ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ చెబుతుంది, కాబట్టి కోర్టులో దావా నిలవదు. ఆటకని పక్కవాడిచ్చిన అప్పు మాత్రం వేరు. పందెం ఒప్పందం చెల్లదే గానీ చట్టవిరుద్ధం కాదని 1959లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, ఆ అప్పుకు రాసిచ్చిన ప్రాంసరీ నోటు మెడకు చుట్టుకోవచ్చు. అందుకే పోయింది ఆటలో పోయిన సొమ్మా, అప్పు తెచ్చి పెట్టిన సొమ్మా అన్నది వకీలు దగ్గర మొదటే విడదీసి చెప్పాలి.

సైట్ మోసం చేసిందని తెలిసిన గంటల్లోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, డబ్బు ఖాతా నుంచి ఖాతాకు దాటకముందే ఆపించే వీలుంది. ఆడినందుకు తన మీదే కేసవుతుందన్న భయంతో చాలామంది ఆ ఫోన్ చేయరు. కేంద్ర చట్టం ప్రకారం ఆ భయం అక్కర్లేదు. రాష్ట్ర చట్టం ప్రకారం ఉంది. ఈ రెంటినీ సరిచేసే పని సవరణతో అసెంబ్లీ చేయాలి, లేదా సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా ఆగాలి.